గోడలు తర్వాత, ముందు సంచీ నడిచే దారి గీయండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నగర పోలీసు శాఖ కొత్తగా ఫోరెన్సిక్ ల్యాబ్ పెట్టుకోవాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి అని. నేను చాలా ఏళ్లు ఇలాంటి ల్యాబుల్లో బెంచీ దగ్గర నిలబడి పనిచేశాను, బోనెక్కి నా రిపోర్టులకు జవాబు చెప్పుకున్నాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా నగర పోలీసు శాఖకు సొంత ఫోరెన్సిక్ ల్యాబ్ కట్టాలని నిర్ణయం జరిగింది. ప్లానింగ్ బాధ్యత నాకు అప్పగించారు. నేను సైన్స్ చదివినవాణ్ని కాదు. స్థలం చూసేశారు, ఆర్కిటెక్ట్ వచ్చేశారు, పరికరాల కంపెనీల వాళ్లు రోజూ కేటలాగులు పట్టుకుని వస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక పోలీసు అధికారి)

ముందు ఆ కేటలాగులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. మెషిన్ ముందు కొనేసి, దానికి గది వెతికి, ఆ తర్వాత నడిపే మనిషి కోసం చూసిన చోట ఆ మెషిన్ దుమ్ము కొట్టుకుపోవడం నేను కళ్లారా చూశాను. మీకు బాగా తెలిసిన పనితో మొదలుపెట్టండి. గత ఐదేళ్ల రిజిస్టర్లు తెప్పించుకుని కూర్చోండి. ఏయే స్టేషన్ల నుంచి ఏమేం బయటి ల్యాబులకు వెళ్లాయి, ఎన్ని రోజులకు రిపోర్టు వచ్చింది, ప్యాకింగ్ సరిగా లేదని ఎన్ని వెనక్కి వచ్చాయి, అసలు పంపకుండా మాల్‌ఖానాలోనే, అంటే స్టేషన్లో సొత్తు దాచే గదిలోనే, ఉండిపోయినవి ఎన్ని. ఈ చివరి లెక్క ఎవరూ తీయరు. ల్యాబు దూరం, ఎందుకులే అని పంపనివన్నీ ల్యాబు దగ్గరికి రాగానే వచ్చి పడతాయి, అప్పుడు మీరు వేసుకున్న అంచనా మొదటి ఏడాదే తలకిందులవుతుంది.

ఇంకో మాట, కేసుల లెక్క కాదు, ఎగ్జిబిట్ల లెక్క, అంటే సాక్ష్యంగా వచ్చే ఒక్కో వస్తువు లెక్క తీయండి. ఒక గంజాయి కేసులో ఒకటే ప్యాకెట్ ఉండొచ్చు, ఒక హత్య కేసులో 40 వస్తువులు ఉండొచ్చు, రెండూ రిజిస్టర్లో ఒక్కో వరుసే. నెలకు 100 వస్తువులు వస్తే 95 పూర్తి చేసే ల్యాబు పైకి చూడ్డానికి చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ నెలకు 5 చొప్పున ఐదేళ్లలో 300 పేరుకుంటాయి, అంటే కొత్తగా ఒక్కటీ రాకపోయినా మూడు నెలలకు పైగా పట్టే పని. ఆ 300లో ఎవరో ఒకరి బెయిలు ఆగిపోయి ఉంటుంది, ఎవరో ఒకరి ఇంట్లోంచి పోయిన మనిషి జాడ తేలకుండా ఉంటుంది.

ఆ లెక్క చేతికొస్తే ఏ విభాగాలు కావాలో దానంతటదే తేలుతుంది. వేలిముద్రలు, మత్తుపదార్థాలు, మొబైల్ ఫోన్లు రోజూ వస్తాయి, ఇవి మీ దగ్గర ఉండాల్సిందే. ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చే పేలుడు పదార్థాల పరీక్షకు సొంత విభాగం పెట్టుకునే కన్నా పెద్ద ల్యాబుతో ఒప్పందం చేసుకోవడం మేలు. అన్నీ మన దగ్గరే ఉండాలన్న పట్టుదల వద్దు. అరకొర మనుషులతో పది విభాగాలు నడపడం కన్నా నాలుగు విభాగాలు గట్టిగా నడపడం నయం.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, ఒక్క ఎగ్జిబిట్ సంచీ లోపలికి వచ్చి బయటికి వెళ్లేదాకా నడిచే దారి గీయండి. రక్తం అంటిన కత్తి అనుకుందాం. కానిస్టేబుల్ దాన్ని తెచ్చి కౌంటర్లో ఇస్తాడు. సీలు చెక్కుచెదరకుండా ఉందా, లేబుల్ మీద ఉన్నది, లేఖలో రాసింది ఒకటేనా చూసి, సీలును ఫొటో తీసి, బార్‌కోడ్ అంటించి స్టోర్‌కి పంపుతారు. తర్వాత అది పరీక్ష గదికి వెళుతుంది. బెంచీ మీద కొత్త కాగితం పరిచి, గ్లవ్స్ వేసుకుని, పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫొటోలు తీస్తారు. అలుగు మీది రక్తం దూది పుల్లతో తీయడం తేలికే. చిక్కంతా పిడి దగ్గరే. డీఎన్ఏ కోసం పిడిని తుడిస్తే వేలిముద్ర గీతలు చెరిగిపోతాయి. ముందు వేలిముద్ర కోసం పౌడర్ బ్రష్ వేస్తే, ఆ బ్రష్ అంతకుముందు పది చోట్ల వాడిందైతే అక్కడి డీఎన్ఏ కూడా ఈ పిడికి అంటుకోవచ్చు. సూపర్‌గ్లూ ఆవిరి పట్టి ముద్ర చూసుకుని, ఆ తర్వాత డీఎన్ఏ తీసే దారి కూడా ఉంది. ఏది ముందో రెండు విభాగాల వాళ్లూ ఆ కత్తి ముందు నిలబడి మాట్లాడుకుని తేల్చుకోవాలి. అందుకే వేలిముద్రల విభాగం ఒక చివర, డీఎన్ఏ విభాగం మరో అంతస్తులో పెట్టిన ప్లాను నాకు ఎవరైనా చూపిస్తే వెంటనే మార్చమంటాను. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక పరీక్ష గది ఉండాలి.

నేను పనిచేసిన ఒక ల్యాబులో రిసెప్షన్ పక్కన బట్టలు ఆరబెట్టే అల్మరా లేదు. ప్లాను గీసినప్పుడు ఎవరికీ తట్టలేదు. ఒక సాయంత్రం తడిసిన చొక్కా ఒకటి పాలిథిన్ కవర్లో వచ్చింది, తర్వాత రెండు రోజులు సెలవు. తెరిచేసరికి కాలర్ చుట్టూ, జేబు మడతలో బూజు, రక్తపు మరక జిగురుజిగురుగా అయిపోయి ఉంది. దాంట్లోంచి పనికొచ్చే డీఎన్ఏ రాలేదు. తడి బట్టల్ని ఆరబెట్టి కాగితం సంచుల్లో పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెడితే సూక్ష్మజీవులు డీఎన్ఏను తినేస్తాయి అని నేర స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్‌లకు చెబుతూనే ఉంటాం. చెప్పే మా దగ్గరే ఆరబెట్టే చోటు లేకపోయింది. ఆ చొక్కా తాలూకు తల్లి రిపోర్టు కోసం ఎన్నిసార్లు వచ్చిందో నాకు గుర్తుంది. మీ ప్లానులో ఆ అల్మరా ఉండాలి, అది రిసెప్షన్ పక్కనే ఉండాలి.

ఇలా ఒక్కో రకం వస్తువుకీ దారి గీస్తే ఎక్కడ గోడ పడాలో మీకే తెలుస్తుంది. మత్తుపదార్థాల విభాగానికి సరుకు గ్రాముల్లో, కిలోల్లో వస్తుంది. రక్తంలో మత్తుమందు ఆనవాళ్లు వెతికే టాక్సికాలజీ వాళ్లు నానోగ్రాముల్లో వెతుకుతారు. ఒక గ్రాము అంటే 100 కోట్ల నానోగ్రాములు. ఈ రెండు విభాగాల మధ్య ఒకే కారిడార్, ఒకే ట్రాలీ, ఒకే తూకం మెషిన్ ఉంటే ఏమవుతుందో ఊహించండి. తుపాకీ మసి సంగతీ అంతే. కాల్పులు జరిపినవాడి చేతి మీద సీసం, బేరియం, యాంటిమొనీ కలిసిన రేణువుల కోసం చూస్తాం, కానీ రోజూ ఆయుధం పట్టుకునే మీవాళ్ల చేతుల మీద, చొక్కా మీద కూడా అవే ఉండొచ్చు. కాబట్టి ఆ పరీక్ష గదికీ, తుపాకులు పరీక్షించే గదికీ దూరం ఉండాలి, ఆయుధంతో వచ్చిన పోలీసు రిసెప్షన్ కౌంటర్ దాటి లోపలికి రాకూడదు. అధికారి అయినా సరే, మీరైనా సరే.

స్టోర్ విషయంలో మాత్రం పిసినారితనం చూపొద్దు. పరీక్ష అయిపోయినా అప్పీళ్లు తేలేదాకా వస్తువు దాచాల్సిందే, అది దశాబ్దాలు కావచ్చు. నగదు, ఆయుధాలు, మత్తుపదార్థాలు వేటికవి వేరే తాళం కింద ఉండాలి. అగ్నిప్రమాదం జరిగిన చోట నుంచి తెచ్చిన బూడిద మామూలు పాలిథిన్‌లో ఉంటే పెట్రోలు ఆవిరి బయటికి పోతుంది, పక్కవాటికీ పడుతుంది, దాన్ని మూత బిగించిన రేకు డబ్బాలో వేరే గదిలో పెట్టాలి. మొత్తం మీద విస్తీర్ణం ఎంత అని మీ ఆర్కిటెక్ట్ అడుగుతారు. స్టోర్లు, కారిడార్లు, యంత్రాల గదులు అన్నీ కలిపి ఒక్కో ఉద్యోగికి 700 నుంచి 1000 చదరపు అడుగులు అని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఉండబోయే ఉద్యోగుల సంఖ్యతో ఆ లెక్క వేయండి, ఇవాళ్టి సంఖ్యతో కాదు.

ప్రశ్న: కొత్త భవనం ఎందుకండీ, ఖర్చు దండగ. మా శాఖ ఆఫీసు భవనంలోనే పై రెండు అంతస్తులు ఖాళీగా ఉన్నాయి. వాటిలో బెంచీలు వేసుకుంటే సరిపోదా? (ఖాతాల విభాగం ఉద్యోగి)

ఖర్చు గురించి ఆలోచించే మనిషి ఉండాలి, ఆ ఆలోచన తప్పు కాదు. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఎడ్మండ్ లొకార్డ్ మొదలుపెట్టిన పోలీసు ల్యాబు కూడా కోర్టు భవనం అటక మీద రెండు గదులే. కానీ అప్పట్లో అక్కడ ఉన్నవి సూక్ష్మదర్శిని లాంటి చిన్న పరికరాలు. ఇప్పుడు పై అంతస్తుల్లో ముందు గాలితోనే పేచీ వస్తుంది. ఆఫీసు ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ల్యాబులో అలా కుదరదు, రసాయనాల ఆవిరి, మత్తుపదార్థాల పొడి అన్ని గదులకూ చేరుతుంది. బయటి గాలి తెచ్చి, చల్లబరిచి, గదిలో గంటకు 6 నుంచి 12 సార్లు పూర్తిగా మార్చి బయటికి పంపేయాలి. దానికి పెద్ద పెద్ద డక్టులు కావాలి, అవి పట్టాలంటే సీలింగు పైన ఎత్తు కావాలి, ఆఫీసు భవనాల్లో ఆ ఎత్తు ఉండదు.

తర్వాత బరువు. తుపాకీ నుంచి పేల్చిన గుండును చెడిపోకుండా పట్టుకోవడానికి నీళ్ల తొట్టిలోకి కాలుస్తారు. 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తొట్టి అనుకుంటే ఒక్క నీళ్లే 3 టన్నులు. దాన్ని పై అంతస్తులో పెట్టమని ఏ ఇంజినీరూ చెప్పడు. తుపాకీ మసి చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి కదలిక పడదు, లిఫ్టు దగ్గరున్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్నా బొమ్మ చెదిరిపోతుంది. ఇవి నేలమీద ఉండాల్సినవి. కారును లోపలికి నడిపి తెచ్చి, తలుపు మూసి, చీకటి చేసి, రక్తపు జాడలు చూసే గది కూడా అంతే.

పాత భవనాన్ని మార్చడం అసలు కుదరదని కాదు. కంప్యూటర్లు, ఫోన్లు, పత్రాల విభాగాలకు మంచి కరెంటు, కూలింగ్, గట్టి తాళాలు ఉన్న ఆఫీసు అంతస్తు సరిపోతుంది. రసాయనాలు, డీఎన్ఏ, తుపాకులు మాత్రం అక్కడ పెట్టొద్దు. పైకప్పు సంగతి కూడా చూసుకోండి. అమెరికాలోని హ్యూస్టన్ నగర పోలీసు ల్యాబులో పైకప్పు కారి ఎగ్జిబిట్ల మీద నీళ్లు పడ్డాయి. అక్కడ బయటపడ్డ ఎన్నో లోపాల్లో అదొకటి. 2002 డిసెంబరులో బయటివాళ్లు తనిఖీ చేశాక డీఎన్ఏ విభాగాన్నే ఆపేయాల్సి వచ్చింది.

ప్రశ్న: డీఎన్ఏ కోసం నాలుగైదు గదులు, వేరే వేరే కోట్లు, వేరే తలుపులు అడుగుతున్నారట. ఒకే పెద్ద హాలు కట్టి అన్నీ అందులో పెడితే పని త్వరగా అవ్వదా? (భవన నిర్మాణం చదువుతున్న విద్యార్థి)

నువ్వు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది బాబూ, ఎందుకంటే గోడ ఎందుకో తెలియకుండా గోడ గీసే ఆర్కిటెక్టులే ఎక్కువ.

మనిషి కణం ఒక్కదానిలో ఉండే డీఎన్ఏ దాదాపు 6 పికోగ్రాములు, గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క పికోగ్రాము. అంత తక్కువలో ఏం చూడగలం? అందుకని పీసీఆర్ అనే పద్ధతిలో దాన్ని రెట్టింపు చేస్తూ పోతారు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా 28 సార్లు తిప్పితే, లెక్క ప్రకారం ఒక్క ప్రతి నుంచి 26 కోట్లకు పైగా ప్రతులు తయారవుతాయి. ఇప్పుడు ఆ గొట్టం మూత తీసినప్పుడు కంటికి కనిపించనంత తుంపర ఒకటి గాల్లోకి లేచిందనుకో, అందులో వేల ప్రతులు ఉంటాయి. అది పక్క బెంచీ మీద అప్పుడే తెరిచిన ఇంకో కేసు దూది పుల్ల మీద పడిందా, ఎవరి డీఎన్ఏనో ఇంకెవరి కేసులోనో కనిపిస్తుంది. నిర్దోషి ఇరుక్కుంటాడు, లేదా దోషి బయటపడతాడు.

అందుకే పని ఒకే దిక్కుకి నడవాలి. వస్తువు చూసే గది, డీఎన్ఏ తీసే గది, మిశ్రమం కలిపే గది, రెట్టింపు చేసే గది, ఫలితం చదివే గది. రెట్టింపు చేశాక ఆ గొట్టం గానీ, ఆ కోటు గానీ, ఆ పెన్ను గానీ వెనక్కి రాకూడదు. మొదటి గదుల్లో గాలి ఒత్తిడి కొంచెం ఎక్కువ ఉండాలి, అప్పుడు తలుపు తెరిస్తే గాలి బయటికి పోతుందే గానీ లోపలికి రాదు. రెట్టింపు చేసే గదిలో తక్కువ ఉండాలి, అక్కడి గాలి బయటికి రాకుండా. మధ్యలో కోటు మార్చుకునే చిన్న గది ఉండాలి, ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. అనుమానితుడి నోట్లోంచి తీసిన నమూనానీ, నేర స్థలం నుంచి వచ్చిన నమూనానీ ఒకే సమయంలో ఒకే బెంచీ మీద తెరవకూడదు, వీలైతే గదులే వేరు పెట్టాలి.

ఇన్ని చేసినా తప్పు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేం. జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో 2007లో ఒక మహిళా పోలీసు హత్యకు గురయ్యారు. అక్కడ దొరికిన ఒక స్త్రీ డీఎన్ఏ, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 నేర స్థలాల్లో దొరికిన దానితో సరిపోయింది. పోలీసులు ఆమె కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలిందేమిటంటే అలాంటి నేరస్థురాలు లేనే లేదు. ఆ డీఎన్ఏ దూది పుల్లలు తయారుచేసే చోట పనిచేసే ఒక స్త్రీది. పుల్లల్ని స్టెరిలైజ్ చేశారు, సూక్ష్మజీవులు చచ్చాయి, డీఎన్ఏ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతే, 2016లో, ఇలాంటి వస్తువుల తయారీకి ఐఎస్ఓ 18385 అనే ప్రమాణం వచ్చింది. నీ ప్లానులో ల్యాబు ఉద్యోగులు, శుభ్రం చేసేవాళ్లు, ఏసీ బాగుచేసేవాళ్లు అందరి నోటి నమూనాలూ తీసుకునే చిన్న చోటు రిసెప్షన్ దగ్గరే పెట్టు. వాళ్ల డీఎన్ఏ ఏ కేసులోనైనా కనిపిస్తే వెంటనే తెలుస్తుంది.

పెద్ద కిటికీలు మాత్రం పెట్టు. కారిడార్ వైపు అద్దం గోడ ఉంటే పరిశీలనకు వచ్చిన పెద్దలు అక్కడి నుంచే చూసి వెళ్లిపోతారు, లోపలికి రానక్కర్లేదు.

ప్రశ్న: పోలీసు డబ్బుతో, పోలీసు శాఖ కింద నడిచే ల్యాబు పోలీసుకు అనుకూలంగా కాక ఇంకెలా చెబుతుంది? (డిఫెన్స్ లాయరు)

ఈ భయం నిరాధారం అని నేను చెప్పను. 2009లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ఫోరెన్సిక్ రంగం మీద ఇచ్చిన పెద్ద నివేదిక కూడా ఇదే అంది. ల్యాబులు పోలీసుల, ప్రాసిక్యూటర్ల అధికారం కింద ఉండకూడదని సిఫారసు చేసింది. పైన చెప్పిన హ్యూస్టన్‌లో, 16 ఏళ్ల వయసులో అరెస్టయిన ఒక కుర్రాడికి ఆ ల్యాబు డీఎన్ఏ రిపోర్టు మీద 25 ఏళ్ల శిక్ష పడింది, 2003లో మళ్లీ పరీక్షిస్తే ఆ డీఎన్ఏ అతనిది కాదని తేలి విడుదలయ్యాడు. చివరికి 2014లో ఆ నగరం ల్యాబును పోలీసు శాఖ నుంచి తీసేసి వేరే బోర్డు ఉన్న సంస్థకు అప్పగించింది. నా అభిప్రాయం కూడా అదే. ల్యాబు డైరెక్టరు శాస్త్రవేత్త అయి ఉండాలి, బడ్జెట్ పద్దు వేరుగా ఉండాలి, రిపోర్టులో ఏం రాయాలో చెప్పే అధికారం ఏ పోలీసు అధికారికీ ఉండకూడదు. శాఖ కిందే నడవక తప్పదంటే ఇవి మాత్రం మొదటి రోజే కాగితం మీద రాయించుకోవాలి.

అయితే ఎవరూ ఒత్తిడి చేయకపోయినా మనసు దానంతటదే పక్కకు వాలుతుంది. 2004లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ రైళ్ల పేలుళ్ల కేసులో ఒక సంచీ మీది వేలిముద్ర అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉండే ఒక లాయరుదని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణులు ముగ్గురు తేల్చారు, ఆయన్ని నిర్బంధించారు. అది ఇంకొకరిదని స్పెయిన్ పోలీసులు గుర్తించాక వదిలేశారు. రెండోసారి చూసేవాళ్లకు మొదటివాళ్లు ఏమన్నారో ముందే తెలుసు, తప్పు పట్టుబడకపోవడానికి అదొక కారణం. కాబట్టి నిందితుడు ఒప్పుకున్నాడా, అతని మీద పాత కేసులున్నాయా లాంటి సమాచారం పరీక్ష చేసేవాళ్ల దాకా రాకుండా కౌంటర్ దగ్గరే ఆపే మనిషి ఒకరు ఉండాలి. రెండో పరీక్షకుడికి మొదటివాళ్ల ఫలితం కనిపించకూడదు.

ఐఎస్ఓ 17025 అనే ల్యాబుల నాణ్యత ప్రమాణం కింద గుర్తింపు తప్పనిసరి చేయండి అని నేను ఎప్పుడూ చెబుతాను, కానీ కాగితాలు సరిగ్గా ఉంటే చాలు అనుకోవద్దు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మత్తుపదార్థాల ల్యాబు ఉద్యోగిని ఒకామె పరీక్షలు చేయకుండానే చేసినట్టు రాసిన సంగతి 2012లో బయటపడింది, 2017లో ఒకేసారి 21 వేలకు పైగా కేసులు కొట్టేశారు. ఆమె అందరికన్నా ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తోందని తోటివాళ్లు గమనించారు, పైవాళ్లు పట్టించుకోలేదు. మీలాంటి లాయర్ల నిపుణులు వచ్చి ఎగ్జిబిట్‌ను తిరిగి చూసుకోవడానికి ఒక గది, ముడి డేటా కాపీ తీసుకునే హక్కు, రెండూ ప్లానులో ఉంటే మీ భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం.

ప్రశ్న: భవనం రెడీ, మెషిన్లు దిగిపోయాయి. వచ్చే నెల నుంచి కేసులు తీసుకోవచ్చా? (ల్యాబు పరిపాలన అధికారి)

తీసుకోకండి. ప్రతి మెషిన్ మీ గదిలో, మీ మనుషుల చేతుల్లో సరిగ్గా పనిచేస్తోందని తెలిసిన నమూనాలతో నిరూపించి రికార్డు రాయాలి, దాన్నే వాలిడేషన్ అంటాం. అది లేని రిపోర్టు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలవదు, కేసు వీగిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు ఒంటరిగా కేసు చూసే స్థాయికి రావడానికి డీఎన్ఏలో ఏడాదైనా పడుతుంది, తుపాకుల విభాగంలో రెండేళ్లు. అందుకే మనుషుల్ని పునాది వేసిన రోజు నుంచే తీసుకోమంటాను, భవనం లేచేలోపు వేరే ల్యాబులో శిక్షణ అయిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి డిజిటల్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఫోన్లలో ఏమేం చూస్తారో విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు. కొత్త ల్యాబు కట్టేవాళ్లను ఏమైనా అడగొచ్చా? (ఒక తల్లి)

అడగండమ్మా, తప్పకుండా అడగండి. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వీడియోలు చూడాల్సి వచ్చేది వాళ్లకే. ఆ పని చేసే గది స్క్రీన్లు కారిడార్లోంచి కనిపించకూడదు, హెడ్‌ఫోన్లు ఉండాలి, రోజుకి ఇన్ని గంటలే అని పరిమితి ఉండాలి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడానికి పైవాళ్ల అనుమతి అక్కర్లేకుండా ఉండాలి. ఫోన్‌కి సిగ్నల్ అందకుండా ఉంచే ఫారడే గదుల్లో కిటికీలు ఉండవు కాబట్టి, దాని పక్కనే వెలుతురు వచ్చే గది ఒకటి కావాలి. కూర్చోవడానికి రెండు కుర్చీలు, బయట చెట్టు కనిపించే కిటికీ, లోపల ఒక్క స్క్రీనూ ఉండకూడదు. ప్లానులో స్థలం చాలలేదంటే ముందు కొట్టేసేది ఈ గదినే, అందుకే ఇప్పుడే రాసి పంపించండి.